రెండుసార్లు నొక్కిన చెయ్యి

గృహ కేటాయింపు కార్యాలయంలో ఆమెను స్టాంపమ్మ అంటారు. ప్రేమతో పెట్టిన పేరు కాదది. కింది అంతస్తులో మూడో కిటికీ వెనుక కూర్చుని ఇరవై రెండేళ్లపాటు దరఖాస్తు కాగితాల మీద నంబరు స్టాంపు గుద్దిన మనిషి. గుద్దినప్పుడల్లా తనంతట తానే ఒక అంకె ముందుకు జరిగే ఇనుప స్టాంపు. క్యూలో ఎవరైనా నోరు పారేసుకుంటే జవాబు చెప్పేది కాదు, ఇంకాస్త గట్టిగా గుద్దేది. ఆ చప్పుడుకే సగంమంది గొంతు తగ్గేది. "రేపు రండి" అన్న మాట ఆమె నోట ఎవరూ వినలేదు. "ఇప్పుడే రాయండి" అని పెన్ను విసిరేది. ఆ పెన్ను తగిలి ఒకాయన కళ్లజోడు పగిలిందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

తర్వాత కాగితం వద్దన్నారు. స్టాంపు పట్టుకెళ్లి సామాను గదిలో పడేశారు. ఆరు కిటికీల వెనుకా ఆరు కంప్యూటర్లు పెట్టారు. ఉద్యోగం కాంట్రాక్టుకు మారింది. నలభై నాలుగేళ్ల వయసులో ఆమె రెండు వేళ్లతో టైపు నేర్చుకుంది. వెబ్‌సైటు తయారుచేసిన కంపెనీ మూడు రోజులు శిక్షణ ఇచ్చింది. మూడో రోజు టీ తాగుతుండగా, పోతూ పోతూ చెప్పినట్టు, ఒక మాట చెప్పారు: "మీరు లోపలికి ప్రవేశించాక ఏమీ పంపకుండా పదిహేను నిమిషాలు గడిస్తే సెషన్ ముగుస్తుంది."

సెషన్ అంటే మరేం లేదు, అవతలి సర్వరు మనల్ని గుర్తుపెట్టుకునే గడువు. ఆ గడువు దాటితే మనమెవరమో దానికి తెలియదు. దరఖాస్తులో నలభై ఒక్క గడులున్నాయి. అన్నీ నింపి చివర "పంపు" నొక్కితే గానీ సర్వరుకు మన ఊసే అందదు. పదిహేనో నిమిషంలో "సెషన్ ముగిసింది, మళ్లీ ప్రవేశించండి" అని తెర మీద పడిందా, అప్పటిదాకా కొట్టినదంతా గంగలో కలిసినట్టే. ఒక ముసలామె కొంగుముడి విప్పి గుర్తింపు కార్డు తీసేసరికే ఏడు నిమిషాలవుతుంది. ఇంట్లో ఎంతమంది ఉంటారని అడిగితే, పోయినవాళ్లని తీసేసి లెక్క చెప్పడానికి ఇంకో మూడు. ఈ గడువు పెట్టినవాడు జన్మలో ఒక్కరోజైనా కిటికీ వెనుక కూర్చుని ఉండడు. కూర్చుని ఉంటే పెట్టేవాడు కాదు.

ఆపరేటర్లు తమ తిప్పలు తాము పడ్డారు. నాలుగో కిటికీ ఆయన చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టి, దాని అద్దం మీద మౌసు పెట్టేవాడు. సెకన్ల ముల్లు తిరిగినప్పుడల్లా తెర మీద బాణం గుర్తు వణికేది. "మనిషి ఉన్నాడనుకుంటుంది పిచ్చిది," అని గర్వంగా నవ్వేవాడు. ఆరుగురూ ఆ విద్య నేర్చుకున్నారు. కంప్యూటరు నిద్రపోయేది కాదు, నిజమే. కానీ బల్ల మీద బాణం వణికితే ఎక్కడో ఉన్న సర్వరుకు ఏం తెలుస్తుంది? సెషన్ ఎప్పటిలాగే పోయేది. "గడియారం పాతదైపోయింది, ముల్లు సరిగ్గా తిరగట్లేదు," అని ఆయన బ్యాటరీ మార్పించాడు.

అలా భయం భయంగా టైపు చేసే చెయ్యి "పంపు" నొక్కాక ఊరుకోదు. నొక్కగానే తెర మధ్యలో ఒక చక్రం తిరుగుతుంది. పది సెకన్లు, ఇరవై, ముప్ఫై. వెళ్లిందో లేదో చెప్పదు. బొత్తాం మాత్రం అలాగే వెలుగుతూ, నొక్కు నొక్కు అంటూ ఉంటుంది. గడువు దగ్గరపడుతుంది. ఎదురుగా మనిషి కళ్లార్పకుండా చూస్తుంటాడు. చెయ్యి మళ్లీ నొక్కుతుంది.

ఇక స్టాంపమ్మ వదిన సంగతి. మొగుడి అక్క. వాళ్లిద్దరికీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. మొగుడు లేని ఆ వదిన మురుగు కాలువ పక్క సందులో ఒక్క గదిలో ఉంటుంది. కాలువ వెడల్పు చేస్తామని కొలతలవాళ్లు వచ్చి ఆ గది గోడ మీద ఎర్ర రంగుతో నిలువుగా గీత గీసి పోయారు. గీతకు అవతలున్నది కూలుస్తారు. పొయ్యి, నీళ్ల బిందె, సగం మంచం అవతల పడ్డాయి. ఆ సందులోవాళ్లకు కొత్త కట్టడాల్లో ఇళ్లిస్తామన్నారు, కాకపోతే దరఖాస్తు పెట్టుకోవాలి. ఆఖరి రోజు సాయంత్రం నాలుగున్నరకు వదిన మూడో కిటికీ ముందుకు వచ్చింది.

"ఏమే, పోయి పోయి నా ఇల్లు నీ చేతిలో పడింది చూశావా? నా ఖర్మ," అంది.

"వెనకాల ఇరవైమంది ఉన్నారు వదినా. కార్డు ఇటివ్వు."

"అయినవాళ్లని కూడా క్యూలో నిలబెట్టావు కదే! ఉండు, మా తమ్ముడికి చెప్తా."

"చెప్పుకో. మీ తమ్ముడూ ఇదే క్యూలో నిలబడి చూశాడు నన్ను."

"అందుకేగా వాడి బతుకు ఇంకా ముందుకు కదల్లేదు!"

క్యూలోవాళ్లు కిసుక్కుమన్నారు. ప్రతి గడి దగ్గరా యుద్ధమే జరిగింది. తలుపు నంబరు ఒకటి చెప్పి, కాదని ఇంకోటి చెప్పింది, అదీ తప్పే. పుట్టిన సంవత్సరం అడిగితే "నా వయసు నీకెందుకే" అంది. పద్నాలుగో నిమిషంలో స్టాంపమ్మ "పంపు" నొక్కింది. చక్రం తిరిగింది. వదిన కిటికీలోంచి తల లోపలికి పెట్టి "అయ్యిందా? ఏమే, అయ్యిందా?" అంది. స్టాంపమ్మ మళ్లీ నొక్కింది. రసీదు వచ్చింది. వదిన దాన్ని రెండుసార్లు చదివించుకుని, రవికలో దోపుకుని, వెళ్లొస్తానని కూడా అనకుండా పోయింది.

నలభై రోజుల తర్వాత కార్యాలయం గోడకు ఒక జాబితా అంటించారు. "ద్వంద్వ దరఖాస్తుదారులు" అని పైన పెద్దక్షరాల్లో రాశారు. నాలుగు వందల పన్నెండు పేర్లు. ఒకటికి మించి దరఖాస్తులు పెట్టి మోసగించజూసినందున రెండూ తిరస్కరించడమైనదనీ, ఐదేళ్లపాటు వీరు అనర్హులనీ కింద రాశారు. రెండు వందల ఆరో పేరు వదినది.

ఆ సాయంత్రమే వదిన తమ్ముడి ఇంటికి వచ్చిపడింది. స్టాంపమ్మ మొగుడు లేతు మిషను మీద పనిచేసే మనిషి. ఆ రోజు అతనికి సెలవు. గుమ్మంలోంచే ఆమె గొంతు లేచింది.

"ఒరే! నీ పెళ్లాం నన్ను దొంగని చేసిందిరా! సందులో అందరూ డబల్ దరఖాస్తు, డబల్ దరఖాస్తు అని పిలుస్తున్నార్రా! పాలవాడు కూడా ఒక ప్యాకెట్టా రెండా అని నవ్వాడు!"

అతను పెళ్లాం వైపు చూశాడు. "నొక్కావా?"

"నొక్కాను."

"రెండుసార్లా?"

"రెండుసార్లు."

"విన్నావా? దాని నోటితోనే ఒప్పుకుంది!" వదిన చాపమీద కూలబడింది. "ఇరవై ఏళ్ల పగ ఒక్క వేలితో తీర్చుకుందిరా ఇది."

"పగ తీర్చుకోవాలంటే అసలు నొక్కకుండా ఊరుకునేదాన్ని," అంది స్టాంపమ్మ. "రెండోసారి నొక్కింది నీ కోసమే."

"నా కోసం ఎవడు నొక్కమన్నాడే నిన్ను?"

మొగుడు చొక్కా తగిలించుకుని బయటికి పోయాడు. మూడు రోజులు భార్యతో మాట్లాడలేదు. ఎర్ర గీత అవతలివి ఖాళీ చేయడానికి వదినకు నెల రోజులు గడువుంది.

నాలుగో రోజు పొద్దున్నే, కార్యాలయం తెరవకముందే వెళ్లి, స్టాంపమ్మ ఆ జాబితా మొదటి పేరు నుంచి చివరి పేరు దాకా నిలబడి చదివింది. ప్రతి పేరు పక్కనా తలుపు నంబరు, కిటికీ నంబరు, రసీదు నంబరు, సమయం రెండేసి ఉన్నాయి. ఆ సమయాల మధ్య తేడా రాసుకుంటూ పోయింది. ఇరవై రెండు సెకన్లు. ముప్ఫై ఒకటి. పద్దెనిమిది. నాలుగు వందల పన్నెండు మందిలో ఒక్కరికి కూడా తేడా నిమిషం దాటలేదు. ఏ జంటకు ఆ జంట ఒకే కిటికీ నుంచి వెళ్లినదే. వదిన తలుపు నంబరు తప్పుగా చెప్పింది కదా, రెండింటిలోనూ అదే తప్పు. ముప్ఫై సెకన్లలో నలభై ఒక్క గడులు రెండోసారి నింపి మోసం చేయగల మొనగాడు ఈ భూమ్మీద ఎక్కడైనా ఉంటే వాడికి ఇల్లు కాదు, మేడే ఇవ్వాలి.

ఆమె అర్జీ రాసింది. నాలుగు వందల పన్నెండు మంది తరఫున రాస్తే, మీ బంధువు ఒక్కరి విషయమే వింటామని జవాబొచ్చింది. సోమవారం పదకొండు గంటలకు విచారణ. ఇలాగే విడివిడిగా పిలిపించిన నలభైమంది ఆ పొద్దున వరండాలో బల్లల మీద, బల్లలు చాలక నేల మీద కూర్చుని ఉన్నారు.

లోపల బల్లకు అటువైపు అధికారి కూర్చున్నాడు. అందరూ పెద్దసారు అంటారు. పక్కన కంపెనీ నుంచి ప్రోగ్రామరు, ముప్ఫై ఐదేళ్ల మనిషి, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఉంది. ఇటువైపు స్టాంపమ్మ, ఆమెకు రెండు కుర్చీలు ఎడంగా వదిన.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది మీ అర్జీ," అన్నాడు పెద్దసారు కాగితం ఊపుతూ. "బొత్తాం నొక్కడం రాక సిస్టం మీద పడ్డారు."

"సార్, కాగితం రోజుల్లో ఖాళీ ఫారం మీదే నేను నంబరు గుద్ది ఇచ్చేదాన్ని," అంది స్టాంపమ్మ. "ఫారంతోపాటు దాని నకలు కూడా పొరపాటున లోపలికొస్తే నంబరు ఒకటే కాబట్టి రెండోది బుట్టలో వేసేవాళ్లం. ఎవర్నీ దొంగ అనలేదు. ఇప్పుడు పంపాక నంబరిస్తున్నారు. ఒకే కాగితం రెండుసార్లు వెళ్తే రెండు నంబర్లొస్తున్నాయి. పేజీ తెరిచినప్పుడే నంబరివ్వాలి. నొక్కగానే బొత్తాం ఆరిపోవాలి. అంతే."

ప్రోగ్రామరు తల ఎత్తకుండానే అంది: "దాన్ని మేం టోకెన్ అంటాం. పెట్టాలని నేను రాసిచ్చాను. రెండు వారాలు పడుతుందన్నాను. ప్రారంభోత్సవం తేదీ ఖాయమైపోయిందన్నారు."

"మిమ్మల్ని నేనడిగానా?" అన్నాడు పెద్దసారు.

"లేదు సార్."

"అడిగినప్పుడు చెప్పండి. తెలివున్నవాడెవడూ రెండుసార్లు నొక్కడు. ఒకసారి నొక్కి ఆగాలి. అంత ఓపిక లేనివాళ్లకి కిటికీ ఉద్యోగం ఎందుకు?"

"మద్దెల ఓడో కాదో ఒకసారి మీరే వాయించి చూడండి సార్," అంది స్టాంపమ్మ.

రెండో విడత సందుల కోసం దరఖాస్తులు తీసుకుంటున్న రోజులవి. పేజీ తెరిచే ఉంది. పెద్దసారు ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకున్నాడు. "సార్, ఇది అసలు సైటు, ప్రయోగానికి వేరేది ఇక్కడ లేదు," అంది ప్రోగ్రామరు. "నాకు దాచుకునేదేముంది?" అని తన గుర్తింపు సంఖ్యే కొట్టాడు. గడులు నింపడానికి గుమాస్తాను పిలుస్తుంటే స్టాంపమ్మ వద్దంది. "మీరే నింపాలి సార్. మేమంతా మేమే నింపుతాం."

పదకొండు నిమిషాలైనా పూర్తికాలేదు. మధ్యలో రెండుసార్లు ఫోనొచ్చింది. పన్నెండో నిమిషంలో వదిన ఉండబట్టలేక "సెషన్ పోతుందేమో సార్, తొందరగా కానివ్వండి," అంది. ఆయన చిరాగ్గా చివరి గడి నింపి "పంపు" నొక్కాడు. చక్రం తిరిగింది. స్టాంపమ్మ ఆయన ముఖం చూడలేదు, చేతినే చూస్తూ కూర్చుంది. వేలు బొత్తాం మీద ఆడింది. పైకి లేచింది, ఆగింది. పందొమ్మిదో సెకనులో "ఏంటిది" అని గొణుక్కుంటూ మళ్లీ నొక్కింది.

ఆయన జేబులో ఫోను రెండుసార్లు మోగింది. రెండు సందేశాలు, రెండు రసీదు నంబర్లు.

"నేను ఒకసారే నొక్కాను," అన్నాడు పెద్దసారు.

"అందరూ అదే చెప్పారు సార్," అంది స్టాంపమ్మ. "మీరు జాబితాలో నాలుగు వందల పదమూడో మనిషి."

ప్రోగ్రామరు ల్యాప్‌టాప్ వెనక్కి తీసుకుని చూసింది. ఆయన పేరు పక్కన ఎర్రగా "ద్వంద్వం" అని పడింది. తేలు కుట్టిన దొంగలా ఆయన తలుపు మూసుందో లేదో చూసుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "తీసెయ్యండి," అన్నాడు. ఆమె ఏదో కొట్టింది. గోడ గడియారం ప్రకారం ఏడు నిమిషాలు. ఎర్ర మాట మాయమైంది.

అప్పుడు పెద్దసారు కుర్చీలో వెనక్కి వాలి, మెత్తబడ్డాడు. ఆ మెత్తదనమే ఎక్కువ భయపెట్టేది.

"సరే, మీ వదినగారి పేరు కూడా తీయిస్తాను. ఇవాళే. ఇల్లు వస్తుంది. మీరొక చిన్న కాగితం మీద సంతకం పెట్టండి." గుమాస్తా అప్పటికే టైపు చేసి ఉంచిన కాగితం ముందుకు జరిపాడు. ఆపరేటర్ల అజాగ్రత్త వల్ల ద్వంద్వ దరఖాస్తులు చేరాయని, వెబ్‌సైటులో ఎలాంటి లోపమూ లేదని దాంట్లో ఉంది. ఆపరేటరు అని కాదు, ఆపరేటర్లని ఉంది. తన ఒక్క సంతకంతో ఆరు కిటికీల మెడలూ తెగుతాయి. మిగిలిన నాలుగు వందల పదకొండు మంది ఐదేళ్లు మోసగాళ్లుగానే ఉంటారు.

"పెట్టవే," అంది వదిన. రెండు కుర్చీల ఎడం దాటి పక్కకొచ్చి కూర్చుంది. "ఏం చూస్తున్నావ్? పెట్టు. నా పొయ్యి గీతకి అవతలుందే."

స్టాంపమ్మ పెన్ను తీసుకుంది. మూత తీసింది. కాగితం ఇంకోసారి చదివింది.

"అడిగేదేంటి, ఇల్లేగా?" వదిన కాగితాన్ని ఆమె ముందుకు ఇంకాస్త తోసింది. "జీవితంలో ఒక్క పని చేసిపెట్టవే నాకు. కాళ్లు పట్టుకోమంటావా? పట్టుకుంటా."

"వద్దు వదినా."

పెన్ను మూత పెట్టి బల్ల మీద పెట్టేసింది. లేచి వెళ్లి తలుపు బార్లా తీసింది. కిటికీ వెనుక ఇరవై రెండేళ్లు "ఇప్పుడే రాయండి" అని అరిచీ అరిచీ రాటుదేలిన గొంతు వరండా చివరిదాకా వినిపించింది.

"అందరూ లోపలికి రండి! సారు కూడా రెండుసార్లు నొక్కారు. ఆయన పేరు కూడా దొంగల్లో పడింది. ఏడు నిమిషాల్లో తీసేసుకున్నారు. మీవి ఎలా తీయాలో లోపలున్న మేడంకి తెలుసు!"

నేల మీద కూర్చున్నవాళ్లు ముందు లేచారు. గది నిండిపోయింది. పెద్దసారు పోలీసులను పిలుస్తానన్నాడు. పిలవమన్నారు. ఒక కాలి గాయానికి కట్టు కట్టుకున్న తాపీమేస్త్రి ప్రోగ్రామరు ఎదుటికొచ్చి, "నిజమేనా అమ్మా? ఆయనది తీశారా?" అని అడిగాడు. పెద్దసారు ఆమె వైపు గుడ్లురిమి చూశాడు.

"తీశాను," అందామె. "నిమిషంలోపు పడిన జంటలన్నీ ఒక్కసారే తీయొచ్చు. మనిషికి ఏడు నిమిషాలు కూడా అక్కర్లేదు. సారు చెప్పాలి."

"చెప్పండి సార్," అన్నాడు తాపీమేస్త్రి. ఇంకెవరో అన్నారు. తర్వాత గదంతా అంది. ఈ అరుపుల మధ్య వదిన స్టాంపమ్మ భుజం పట్టి ఊపుతూ, "నాది తీయించాక పిలవొచ్చుగా వీళ్లని! నాది తీయించాక పిలవొచ్చుగా!" అని ఏడుస్తూనే ఉంది.

సాయంత్రం అయిదింటికి పెద్దసారు సంతకం పెట్టాడు. మనసు మారి కాదు, గది ఖాళీ కాక. మర్నాడు గోడ మీది జాబితా పోయింది. దాని స్థానంలో "సాంకేతిక కారణాల వల్ల" అని రెండు వాక్యాల ప్రకటన వచ్చింది. క్షమాపణ లేదు. దొంగలన్న మాట వెనక్కి తీసుకుంటున్నామని కూడా లేదు. ప్రోగ్రామరును ఆ పని నుంచి తప్పించారు. పోయేముందు ఆమె అడిగిన రెండు వారాలు దొరికాయట, పేజీ తెరవగానే ఇప్పుడు ఒక నంబరు కనిపిస్తుంది. స్టాంపమ్మ లాగిన్ ఆ వారమే మూసేశారు. కాంట్రాక్టు మనిషికి కారణం చెప్పాల్సిన పనిలేదు, చెప్పలేదు కూడా. ఇప్పుడామె బట్టల దుకాణంలో బిల్లులు కొడుతుంది.

వదినకు ఇల్లొచ్చింది. మూడో అంతస్తు. అయినా ఆమె కనిపించినవాళ్లందరికీ ఒకటే చెబుతుంది: "నా ఇల్లు పందెం కాసి ఊరందరికీ మంచి చేసింది మా మరదలు. ఓడిపోయుంటే? దాని ఇల్లు కాదుగా!" ఆ మాట ఎవరైనా స్టాంపమ్మ చెవిన వేస్తే ఆమె తిట్టదు, విసుక్కోదు. ఎందుకంటే అది నిజం. ఆ తలుపు తీసేటప్పుడు అది నిజమని ఆమెకు తెలుసు. తెలిసే తీసింది.

సామాను మార్చిన రోజు లిఫ్టు పనిచేయలేదు. ఇనుప బీరువాను ఒకవైపు తమ్ముడు, ఒకవైపు స్టాంపమ్మ పట్టుకుని మూడంతస్తులు ఎక్కించారు. రెండో మలుపులో ఆమె చెయ్యి గోడకు రాసుకుని తోలు ఊడింది. బీరువా గోడకు ఆనించి పెట్టాక ఆమె చెయ్యి చూసుకుంటూ గుమ్మం దగ్గర నిలబడింది. వదిన ఒక పాత గుడ్డపీలిక తెచ్చి ఆమె మీదికి విసిరింది.

"కట్టుకో. నా గోడకి రక్తం అంటించకు. ఇక వెళ్లు."

స్టాంపమ్మ పీలిక చుట్టుకుని మెట్లు దిగింది.